ఇంటి చెత్త లెక్క కిరాణా కొట్టు దగ్గరే తేలుతుంది

క్లుప్తంగా: ఇంట్లో ఎంత చెత్త పోగవుతుంది, అది ఎలాంటి చెత్త అన్నది చాలావరకు సరుకు కొన్నప్పుడే ఖాయమైపోతుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం లాంటి ఒడిశా సరిహద్దు ఊళ్లు పెద్ద నగరాలకు దూరం. తేలికపాటి ప్లాస్టిక్‌ను అంత దూరం మోసుకెళ్తే రవాణా ఖర్చు కూడా గిట్టదు. అందుకే ఈ ప్రాంతంలో ఏదైనా కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఖాళీ అయ్యాక దీన్ని పాత సామాన్ల కొట్టులో తీసుకుంటారా? తెచ్చినదంతా పాడవకముందే అయిపోతుందా?

బుట్టలు పెరిగాయి, అయోమయమూ పెరిగింది

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి చెత్తను మూడు రకాలుగా వేరు చేయమన్నాయి: తడి, పొడి, ఇళ్లలో వాడే ప్రమాదకర వస్తువులు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టిన కొత్త నియమాల్లో ఇవి నాలుగయ్యాయి. ప్యాడ్లు, డైపర్ల లాంటి శానిటరీ చెత్తను విడిగా ఇవ్వాలి. మిగిలిపోయిన మందులు, రంగు డబ్బాలు, బల్బులు ప్రత్యేక జాగ్రత్త అవసరమైన రకంలోకి వస్తాయి. ఏది ఏ బుట్టలో వేయాలన్న చర్చ దీంతో ప్రతి వీధిలోనూ మొదలైంది. ఆ బుట్టలోకి అసలు అంత చెత్త ఎందుకు వస్తోందన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది.

వేరు చేసి ఇచ్చిన చెత్తకు ఒడిశా పట్టణాల్లో ఒక దారంటూ ఉంది. తడి చెత్త మైక్రో కంపోస్టింగ్ కేంద్రాలకు చేరి ఎరువవుతుంది, దాన్ని ‘మో ఖతా’ పేరుతో అమ్ముతారు. పొడి చెత్త మెటీరియల్ రికవరీ కేంద్రాలకు వెళ్తుంది. ఈ కేంద్రాల నిర్వహణలో మహిళా స్వయం సహాయక సంఘాలది పెద్ద పాత్ర. అక్కడ అట్టలు, సీసాలు, కవర్లు, రేకు ప్యాకెట్లు చేత్తోనే వేరు చేయాలి. సాంబారు అంటిన కవరు ఒక్కటి చాలు, పక్కనున్న పది కాగితాల ధర పడిపోవడానికి. ఇల్లు దాటాక జరిగే ఈ పనంతా ఎంత బాగా సాగినా, వాళ్ల చేతికి వచ్చేది మనం కొట్లో ఎంచుకున్న సరుకే.

‘రీసైకిల్ అవుతుంది’ అన్న మాట ఎక్కడిదాకా నిజం?

ప్యాకెట్ వెనక మూడు బాణాల త్రికోణం కనిపిస్తే అది మళ్లీ వాడకంలోకి వస్తుందని చాలామంది నమ్మకం. ఆ గుర్తు లోపలి అంకె చెప్పేది ప్లాస్టిక్ ఏ రకమో మాత్రమే. 1 ఉంటే పెట్, అంటే నీళ్ల సీసాల రకం. 2 ఉంటే షాంపూ, ఫినాయిల్ డబ్బాలకు వాడే గట్టి పాలిథిలిన్. 5 ఉంటే పాలీప్రొపిలీన్. 7 ఉంటే ఇతర రకాలు. రీసైకిల్ కావాలంటే ఆ వస్తువును ఎవరైనా కొనాలి, ఒకచోట పోగుచేయాలి, కర్మాగారం దాకా మోయాలి.

ఈ గొలుసులో తెగేది ఎక్కువగా రవాణా దగ్గరే. పాత సామాను కిలోల లెక్కన అమ్ముడవుతుంది, లారీ కిరాయి మాత్రం దూరాన్ని బట్టి, ఆక్రమించిన చోటును బట్టి పడుతుంది. ఇనుము కొద్ది చోటులోనే ఎంతో బరువు తూగుతుంది కాబట్టి ఎంత దూరమైనా గిట్టుతుంది. అట్టపెట్టెల్ని మడిచి కట్టలు కడితే అవీ గిట్టుతాయి. పెట్ సీసాలను తొక్కి చదును చేస్తే ఫర్వాలేదు. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ల రేపర్లు, పలచటి కవర్లు అలా కాదు. గోతాం నిండా కూరినా బరువు తూగవు. పైగా మురికిగా ఉంటాయి, కడగాలంటే నీళ్లూ కూలీ రెండూ కావాలి. పెద్ద నగరం శివార్లలో గిట్టుబాటయ్యే సరుకే గుణుపురంలోనో మల్కనగిరిలోనో ఎందుకూ పనికిరాకుండా పోయేది ఇందుకే.

చిప్స్, మసాలా, షాంపూ ప్యాకెట్లలో ఇంకో చిక్కుంది. లోపలి మెరిసే పొర, మధ్య పొర, అచ్చు వేసిన పై పొర ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తేమ, గాలి చొరబడకుండా ఇది చక్కగా పనిచేస్తుంది. అదే గుణం వల్ల పొరలను విడదీయడం దాదాపు అసాధ్యం. ఇలాంటి బహుళ పొరల ప్లాస్టిక్‌కు మిగిలే దారి చాలావరకు సిమెంటు బట్టీలో ఇంధనంగా కాలడమే. అక్కడిదాకానైనా చేరాలిగా. చేరనిది కాలవలోనో, పెరటి మంటలోనో తేలుతుంది. పెరట్లో తగలబెట్టిన ప్లాస్టిక్‌లో పీవీసీ ఉంటే డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి. పొగ ముందుగా చేరేది ఆ ఇంట్లోవాళ్ల ఊపిరితిత్తుల్లోకే.

కాబట్టి ఈ ఊళ్లలో లేబుల్ కంటే నమ్మకమైన పరీక్ష పాత సామాన్ల కొట్టు. అక్కడ డబ్బిచ్చి కొనే వస్తువైతే దానికి ముందు దారి ఉన్నట్టే. ఉచితంగా ఇచ్చినా వద్దన్నదైతే, దాన్ని ఇంటికి తేవడం తగ్గించాలి.

పాల ప్యాకెట్ మూల

ఈ పరీక్షలో నెగ్గే పలచటి ప్లాస్టిక్ పాల ప్యాకెట్. ఒకే రకం పాలిథిలిన్‌తో చేస్తారు కనుక కడిగి ఆరబెట్టి పోగుచేస్తే పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు. మనం చేసే పొరపాటు కత్తెర దగ్గర ఉంది. పాలు పోయడానికి ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించేస్తే చిటికెన వేలి గోరంత ముక్క సింకు జాలీలోకో చెత్తలోకో పడిపోతుంది. ఆ ముక్కను ఏ కేంద్రంలోనూ ఎవరూ ఏరలేరు. మూలను సగం వరకే కోసి ముక్కను ప్యాకెట్‌కే అంటిపెట్టి ఉంచితే మొత్తం ప్లాస్టిక్ ఒకేచోట దొరుకుతుంది. రూపాయి ఖర్చు లేని పని. రోజుకి రెండు ప్యాకెట్లు వాడే ఇంట్లో ఏడాదికి ఏడువందల పైచిలుకు ముక్కలు చెత్తలో పడకుండా ఆగుతాయి.

నూనె: ప్యాకెట్టా, క్యానా?

కొన్ని చోట్ల ఎంపిక అంత తేలిక కాదు. విడి వంటనూనె అమ్మకాన్ని ఆహార భద్రతా నిబంధనలు అనుమతించవు, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే తప్ప. కల్తీని అడ్డుకోవడానికి పెట్టిన మంచి నిబంధన ఇది. కనుక ఇంటి గిన్నె పట్టుకెళ్లి నూనె పోయించుకునే పాత పద్ధతిని ఇక్కడ పట్టుకు వేలాడటంలో అర్థం లేదు.

లీటరు ప్యాకెట్‌లో ప్లాస్టిక్ బరువు తక్కువ. అయిదు లీటర్ల క్యాన్‌కు లీటరు లెక్కన చూసినా ప్లాస్టిక్ ఎక్కువే పడుతుంది. బరువొక్కటే చూస్తే ప్యాకెట్‌దే గెలుపు. కానీ జిడ్డు ప్యాకెట్‌ను పాత సామాన్లవాడు ముట్టుకోడు, గట్టి క్యాన్‌ను తీసుకుంటాడు. క్యాన్ ఇంట్లో ఇంకో పనికీ వస్తుంది. పదిహేను కిలోల రేకు డబ్బా అయితే బియ్యం, పప్పులు పోసుకోవడానికి ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ తర్వాత కూడా ఇనుము ధర పలుకుతుంది. అయితే మూత తీసిన నూనెకు గాలి తగిలి కొన్నాళ్లకు కనరు వాసన వస్తుంది. అందుకే నలుగురున్న ఇంటికి అయిదు లీటర్ల క్యాన్, పదిమంది ఉన్న ఇంటికో హోటల్‌కో రేకు డబ్బా సరిపోతాయి. ఇద్దరే ఉండే ఇంటికి లీటరు సీసా మేలు.

రూపాయి సాచెట్ వెనక లెక్క

‘పెద్ద ప్యాకెట్ కొంటే చెత్త తక్కువ, ధరా తక్కువ’ అన్న సలహా పప్పులు, సర్ఫు పొడుల విషయంలో చాలావరకు సరైనదే. షాంపూ దగ్గర మాత్రం తలకిందులవుతుంది. రూపాయి, రెండు రూపాయల సాచెట్లలో మిల్లీలీటరు ధర చాలా బ్రాండ్లలో సీసా ధర కంటే తక్కువే పడుతుంది. కంపెనీలు కొత్త వినియోగదారుల కోసం కావాలనే ఆ ధర పెట్టాయి. దానికితోడు రోజు కూలీ మీద నడిచే ఇంట్లో ఒకేసారి నూటయాభై రూపాయలు తీయడం కుదరదు. సాచెట్లు కొనేవాళ్లది తెలియనితనమని తేల్చేయడం అన్యాయం. వాళ్ల లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. తప్పు ఆ ప్యాకింగ్‌ను మార్కెట్లోకి వదిలినవాళ్ల లెక్కలో ఉంది.

ఇక్కడ పనికొచ్చే దారి వస్తువునే మార్చడం. తలకు కుంకుడుకాయ, శీకాయ ఈ ప్రాంతపు సంతల్లో విడిగా దొరుకుతాయి. ఒంటికి సబ్బు, బట్టలకు సబ్బు బిళ్ల వాడితే కాగితమో పలచని రేపరో తప్ప చెత్త మిగలదు. అల్లం వెల్లుల్లి పేస్టు, పసుపు, కారం లాంటివాటిలో సాచెట్ వల్ల డబ్బూ మిగలదు, చెత్తా తగ్గదు. కొరాపుట్, రాయగడ కొండల్లో పండే అల్లం, పసుపు కొమ్ములు సంతలోనే దొరుకుతున్నప్పుడు రేకు ప్యాకెట్‌లో పేస్టు కొనడానికి సౌకర్యం తప్ప ఇంకో కారణం లేదు.

ధరలు పోల్చుకోవడానికి ఇప్పుడు ఒక సాయం ఉంది. తూనికలు కొలతల చట్టం కింద ప్యాకేజీ సరుకుల నియమాలను 2021లో సవరించారు. దాంతో ఎంఆర్‌పీ పక్కనే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాల్సి వచ్చింది. అక్షరాలు చిన్నవే, వెతికి చూడాలి. రంగురంగుల ‘20 శాతం అదనం’ ముద్ర కంటే ఆ చిన్న గీత నిజం చెబుతుంది.

సంత రోజు కొన్న కూరలు

ఇంటి చెత్తలో బరువు లెక్కన ఎక్కువ వాటా తడి చెత్తదే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన ఆహార వృథా సూచిక ప్రకారం భారతదేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం చెత్తలోకి పోతోంది. ప్రపంచ సగటు 79 కిలోలు. ఈ లెక్కలో తొక్కలు, ఎముకల్లాంటి తినని భాగాలు కూడా కలిసి ఉన్నాయి. నలుగురున్న ఇంటికి అన్వయిస్తే నెలకు 18 కిలోల పైమాటే. అరటి తొక్క తప్పదు. కుళ్లిన టమాటా తప్పించుకోదగ్గదే.

సరిహద్దు జిల్లాల్లో కూరగాయల కొనుగోలు ఇంకా చాలావరకు వారపు సంత చుట్టూ తిరుగుతుంది. రాయగడ జిల్లాలో చాటికోన బుధవారం సంతకు డోంగ్రియా కోందు గిరిజనులు కొండ దిగి అనాస, అరటి, అల్లం తెస్తారు. ఇలాంటి సంతల్లో సరుకు విడిగా, తాజాగా, చవకగా దొరుకుతుంది. ప్యాకింగ్ చెత్త దాదాపు సున్నా. ఇబ్బంది వేరే చోట ఉంది. మళ్లీ సంత వారానికి గానీ రాదు కాబట్టి ఏడు రోజులకూ ఒకేసారి కొనేస్తారు. సాయంత్రం సంత విడిచే వేళకు ధర తగ్గించి కుప్పలుగా ఇస్తుంటే చేయి ఆగదు.

ఏ కూర ఎన్నాళ్లు నిలుస్తుందో చూసి కొంటే వారం సంతతోనే వృథా లేకుండా గడుస్తుంది. తోటకూర, పాలకూర, గోంగూర ఒకటి రెండు రోజుల సరుకు, అంతకే కొనాలి. బెండ, వంకాయ, చిక్కుడు వారం మొదటి సగానికి. సొరకాయ, దొండకాయ నడిమికి. గుమ్మడి, కంద, చేమ, బంగాళాదుంప, అరటికాయ చివరి రోజులకు. వంట కూడా ఈ వరసలోనే సాగాలి. సంతనాడు బంగాళాదుంప వేపుడు చేసి, ఆకుకూరను మూడో నాటికి వదిలితే అది చెత్తబుట్టకు దారి తీసినట్టే.

నిల్వలో రెండు పొరపాట్లు అన్ని చోట్లా కనిపిస్తాయి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే బుట్టలో పోస్తారు. రెండూ విడుదల చేసే తేమ, వాయువుల వల్ల దుంపలు మొలకెత్తుతాయి, ఉల్లి మెత్తబడుతుంది. రెండోది, పండిన అరటి, మామిడి, టమాటాల పక్కన ఆకుకూరలు పెట్టడం. ఆ పండ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు ఆకులు త్వరగా పసుపు రంగుకు తిరుగుతాయి. కరెంటు తరచూ పోయే ఊళ్లలో ఫ్రిజ్ మీద పూర్తి భరోసా పెట్టుకోవడం కూడా కుదరదు. తడి గుడ్డ చుట్టిన కొత్తిమీర, గాలి ఆడే వెదురు బుట్టలో పెట్టిన దుంపలు కరెంటు లేకపోయినా నిలుస్తాయి.

పప్పుల సంగతి కాలాన్ని బట్టి మారుతుంది. ఎండాకాలంలో బాగా ఎండబెట్టి, ఆముదం పట్టించి దాచిన కందిపప్పుకు పురుగు త్వరగా పట్టదు. ఆ ఓపిక ఉన్న ఇంటికి ఏడాది సరుకు ఒకేసారి కొనడం లాభం. వానాకాలంలో కొన్న పది కిలోల సంచిని అలాగే మూల పెడితే ఆ లాభం పురుగుల పాలవుతుంది. ఉదాహరణకు అరకిలో ప్యాకెట్ 60 రూపాయలు, కిలో ప్యాకెట్ 110 అనుకుందాం. కిలో కొంటే మిగిలేది పది రూపాయలు. అందులో వంద గ్రాములు పాడైతే పదకొండు రూపాయలు పోయినట్టు. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ ఆఫర్లన్నిటికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఎక్స్‌పైరీ తేదీని చదవడంలోనూ తేడా ఉంది. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అని ఉంటే ఆ తేదీ దాటాక తినకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ అంటే అప్పటివరకు రుచి, నాణ్యత పూర్తిగా ఉంటాయని. సరిగ్గా నిల్వ చేసిన సరుకు ఆ తర్వాత కొన్నాళ్లు తినడానికి పనికిరావచ్చు. రెండింటినీ ఒకటే అనుకుని మంచి రవ్వను, అటుకులను పారేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

రేషన్ డిపోకు సంచి, కొట్టుకు ఖాళీ చేతులు

రేషన్ బియ్యానికి ప్రతి ఇంటి నుంచీ సంచి వెళ్తుంది. డిపోలో కవరు ఇస్తారని ఎవరూ ఎదురుచూడరు. అదే మనిషి సాయంత్రం కిరాణా కొట్టుకు ఖాళీ చేతులతో వెళ్లి నాలుగు కవర్లతో తిరిగొస్తాడు. అలవాటు ఉంది, ఆ ఒక్క చోటే ఆగిపోయింది. సరుకుల చీటీతో పాటు గుడ్డ సంచి, అందులో రెండు మూడు చిన్న సంచులు, ఒక మూత డబ్బా ఉంటే పప్పులు, పంచదార, బెల్లం, చేపలు అన్నీ కవరు లేకుండా ఇంటికి చేరతాయి.

విడి సరుకుకు ధరలో కూడా కొంత మొగ్గు ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వేశారు. కొట్టువాడు బస్తాలోంచి తూచి ఇచ్చే సరుకుకు అది లేదు. శుభ్రత మీద అనుమానం ఉన్న చోట మాత్రం, ముఖ్యంగా పొడి మసాలాల విషయంలో, ప్యాకెట్‌కే మొగ్గు చూపడం తప్పు కాదు.

విందులు, అడ్డాకు విస్తళ్లు

ఏడాది పొడవునా జాగ్రత్త పడిన ఇల్లు ఒక్క పెళ్లి భోజనంతో ఆ లెక్కనంతా దాటేస్తుంది. థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. వాటి స్థానంలో వచ్చిన పేపర్ కప్పు పూర్తిగా కాగితమని చాలామంది అనుకుంటారు. టీ కారకుండా లోపల పలచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఆ పూత వల్ల అది మామూలు కాగితంలా రీసైకిల్ కాదు, పూర్తిగా కుళ్లదు కూడా.

ఇక్కడ ఈ జిల్లాలకు చేతికందే దూరంలో మంచి వస్తువు ఉంది. ఒడియాలో సియాళి అనే అడ్డాకు తీగ ఈ కొండల్లో విస్తారంగా పెరుగుతుంది. గిరిజన మహిళలు ఆకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తళ్లు చేస్తారు. మెషీన్‌తో వేడి ఒత్తిడి పెట్టి గట్టి పళ్లాలుగా కూడా తయారుచేస్తున్నారు. తిన్నాక అన్నం మెతుకులతో సహా నేరుగా తడి చెత్తలోకి వేయొచ్చు. ఆ డబ్బు కూడా పక్క ఊరికే చేరుతుంది. కొన్ని అడ్డాకు పళ్లాల అడుగున మాత్రం ప్లాస్టిక్ కాగితం అతికించి అమ్ముతున్నారు. వెనక్కి తిప్పి చూడకుండా కొంటే పేరుకే ఆకు విస్తరి అవుతుంది.

‘కంపోస్టబుల్’ అని రాసిన కవర్ల దగ్గరా జాగ్రత్త అవసరం. ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ వివరాలు వాటి మీద ఉండాలి. ఉన్నా సరే, అవి విచ్ఛిన్నం కావడానికి పరిశ్రమ స్థాయి కంపోస్టింగ్‌లోని వేడి కావాలి. పెరట్లో పాతిపెడితే చాలా కాలం అలాగే ఉంటాయి.

గట్టు దాటితే రూలు మారుతుంది

పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం, బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురం ఇంటి పక్కలాంటివి. రాష్ట్రాన్ని బట్టి ప్లాస్టిక్ నిబంధన మారుతుందేమోనన్న సందేహం సహజం. కేంద్ర నియమం అందరికీ కనీస హద్దు: 2022 డిసెంబరు 31 నుంచి క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. రాష్ట్రాలు అంతకంటే గట్టిగా ఉండొచ్చు. ఒడిశా 2018 అక్టోబరు 2న భువనేశ్వర్, కటక్, పూరీలతో పాటు బరంపురం సహా ఆరు నగరాల్లో నిషేధం మొదలుపెట్టి తర్వాత విస్తరించింది. మహారాష్ట్ర అదే ఏడాది మార్చి 23న మందంతో నిమిత్తం లేకుండా క్యారీబ్యాగుల్ని నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే 5,000 రూపాయల జరిమానా పెట్టింది. సిరోంచ, బల్లార్షా వైపు ఉండే తెలుగువాళ్లకు వర్తించేది అదే. ఎటువైపు వెళ్లినా గుడ్డ సంచికి ఏ నిబంధనా అడ్డు రాదు.

కొనేవాళ్ల చేతిలో లేనిది

పర్లాకిమిడి పక్కనుంచి పోయే మహేంద్రతనయ వంశధారలో కలుస్తుంది. రాయగడ మీదుగా వచ్చే నాగావళి పార్వతీపురం, శ్రీకాకుళం వైపు సాగుతుంది. కాలవల్లో పడిన కవరు వానాకాలం వరదకు రాష్ట్రం దాటి కింది ఊళ్ల పొలాలకు, చివరకు సముద్రానికి చేరుతుంది. తడి చెత్త కవర్లో మూటకట్టి డంపింగ్ యార్డులో పడితే గాలి తగలక మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ల కాలానికి లెక్కిస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లకు మించి వేడిని పట్టి ఉంచుతుంది.

ఇంత భారాన్ని కొనేవాళ్ల మీదే వేయడం సబబు కాదు. ప్లాస్టిక్ ప్యాకింగ్‌తో సరుకు అమ్మే కంపెనీలే దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించాలని 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఉత్పత్తిదారుల బాధ్యత మార్గదర్శకాలు ఇచ్చింది. గట్టి ప్లాస్టిక్, మెత్తటి ప్లాస్టిక్, బహుళ పొరల ప్లాస్టిక్, కంపోస్టబుల్ ప్లాస్టిక్ అని నాలుగు వర్గాలు చేసింది. కంపెనీలు తమ లెక్కను దేశంలో ఎక్కడ సేకరించిన ప్లాస్టిక్‌తోనైనా పూరించుకోవచ్చు. సహజంగానే అది రవాణా చవకగా ఉండే పెద్ద నగరాల చుట్టూ తిరుగుతుంది, గుణుపురం సాచెట్ గుణుపురంలోనే మిగిలిపోతుంది. కొండ జిల్లాల నుంచి బహుళ పొరల ప్లాస్టిక్ తరలించడానికి రవాణా ఖర్చును విడిగా లెక్కగట్టి కంపెనీల చేత కట్టించనంత కాలం, స్వయం సహాయక సంఘాల మహిళలు ఏరి పెట్టిన ఆ మూటలు రికవరీ కేంద్రాల షెడ్లలోనే పేరుకుపోతాయి.